అచ్చులో లేని ప్రశ్న

ఈస్టరుకు ముందు శనివారం, ఎండ చల్లబడిన వేళ. పల్నాడులో ఒక ఊరి చివర లూథరన్ సంఘం వారి సమాధుల తోట. ఎవరి సమాధి దగ్గర వాళ్లు కలుపు పీకి, సున్నం కొడుతున్నారు. ఒక సమాధి దగ్గర ఇద్దరున్నారు. మామయ్య మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సంఘ పెద్దల్లో ఒకడు. మేనకోడలు గుంటూరులో నర్సింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ వెళ్లేది లూథరన్ గుడికి కాదు, ఒక స్వతంత్ర ప్రార్థన మందిరానికి. ఇద్దరూ సున్నం కొడుతున్న సమాధి ఆయనకు తల్లిది, ఆమెకు అమ్మమ్మది.

మామయ్య: తల వైపు ఇంకో పూత పడాలమ్మాయ్. రేపు గంట నాలుగున్నరకు కొడతారు. అయిదింటికల్లా కొవ్వొత్తులు పట్టుకుని జనమంతా ఇక్కడుంటారు. పాచి కనపడితే నలుగురూ నన్నే అంటారు.

మేనకోడలు: రేపు పొద్దున మా మందిరంలో కూడా ఆరాధన ఉంది మామయ్యా. యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారు. అదొదులుకుని వచ్చాను. అమ్మమ్మ కోసం వచ్చాను, గుడి కోసం మాత్రం కాదు. ముందే చెప్తున్నా.

మామయ్య: ఆ రెండూ విడదీయడం ఎట్టాగో నాకు తెలీదు. సరే, గుడి ఏం చేసింది నిన్ను?

మేనకోడలు: ఏమీ చేయలేదు. అదే నా బాధ. ఆదివారం ఏం జరగాలో పుస్తకంలో ఉంటుంది. నిలబడమన్నచోట నిలబడతాం, కూర్చోమన్నచోట కూర్చుంటాం. పాపాల ఒప్పుకోలు కూడా అచ్చు వేసే ఉంటుంది. బల్ల మీద గుడ్డ రంగు కూడా పంచాంగం ప్రకారమే మారుతుంది. శ్రమకాలానికి ఊదా, ఈస్టరుకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, ఆ తర్వాత నెలల తరబడి ఆకుపచ్చ. ఒక నైట్ డ్యూటీలో నా చేతిలో ఒక పిల్లాడు పోయాడు. ఆ ఆదివారం మా మందిరంలో మైకు నా చేతికిచ్చారు. ఏడుస్తూ ప్రార్థన చేశాను. ఇక్కడైతే ఆ ఏడుపు ఏ పేజీలో ఉంది?

మామయ్య: ఏడవగలిగినవాళ్లకు మైకు మంచిదే. మీ అత్త పోయిన ఏడాది నాకు ఏడుపు కూడా రాలేదు. ప్రార్థన సంగతి చెప్పనే అక్కర్లేదు. గుళ్లో నిలబడితే నోరు పెగల్లేదు. పక్కవాళ్లు ఆ అచ్చు మాటలే చదువుతున్నారు, నేను వింటూ నిలబడ్డా. అట్టా ఆరు నెలలు. నా బదులు ఊరు ప్రార్థన చేసింది. ఆ మాటలు నావి కావంటావు, నిజమే. నాదంటూ ఏమీ మిగలని రోజున వేరేవాళ్ల మాటే నన్ను నిలబెట్టింది.

మేనకోడలు: ఊరివి కూడా కావు గదా ఆ మాటలు. 1842 జూలై 31న మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకొచ్చాడు, కలెక్టర్ స్టోక్స్ ఆదరించాడు. హయ్యర్ పుట్టింది జర్మనీలో, వచ్చింది అమెరికా నుంచి. ఇదంతా సండే స్కూల్లో మీరు మాతో బట్టీ పట్టించిందే. అక్కడి క్రమం, అక్కడి పంచాంగం, అక్కడి అంగీ. ఎర్రటి ఎండాకాలంలో పాస్టర్ గారు ఆ అంగీలో చెమటలు కక్కుతుంటారు. దానికి మనం సంప్రదాయం అని పేరు పెట్టుకున్నాం.

మామయ్య: అంగీ విషయంలో నీ మాటే నా మాట. మిగతాది ఒప్పుకోను. లూథర్ 1517 అక్టోబరు 31న వాదం మొదలుపెట్టాడని అందరూ చెప్తారు. నాకు ముఖ్యమైంది 1526. ఆ ఏడు ఆరాధన క్రమాన్ని లాటిన్‌లోంచి జర్మన్‌లోకి తెచ్చి అచ్చు వేయించాడు. జనం తమ భాషలో పాడాలన్నాడు, తానే పాటలు కట్టాడు. ఆ బుద్ధి మనదాకా వచ్చింది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ 1746లో లూథరు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చు వేయించాడు. జర్మనీలో, హాలే పట్టణంలో. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. హయ్యర్ రావడానికి దాదాపు నూరేళ్ల ముందు మాట ఇది.

మేనకోడలు: ఆ సంగతి నాకు తెలీదు.

మామయ్య: కీర్తనల పుస్తకం తెరిచి చూడు. చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. అందులో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890దాకా బతికారు, ఆయన లూథరన్ కూడా కాదు. ఆ పుస్తకంలో ఆయన్ని ఏ సంఘంవాడని ఎవరూ అడగలేదు. మన గుళ్లో హార్మోనియం మూలపడినా తాళాలు మూలపడలేదు. క్రిస్మస్ రాత్రి కోలాటం ఏ జర్మనీ నుంచి వచ్చిందో చెప్పు చూద్దాం.

మేనకోడలు: పాటలు మనవే, ఒప్పుకుంటా. కానీ ఆ భాష ఎవరిది? నా వార్డులో ఉండే ముసలమ్మకు కీర్తన పాడి వినిపిస్తే రాగానికి తలూపుతుంది, మాట అర్థం కాదు. బైబిల్లో తెలుగూ అంతే. ఏ వాక్యం చదివినా ముందు తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేసుకోవాలి. జనం భాషలోకి తెచ్చినవాడి పేరు మీద గుడి కట్టుకున్నారు. ఆ జనం భాష నూరేళ్ల కిందటే ఆగిపోయిందని తీర్మానించుకున్నారు. మా మందిరంలో పాటలు సినిమా ట్యూనుల్లా ఉంటాయని మీరు వెక్కిరిస్తారు. మా వార్డు ఆయాలు వాటిని పాడుకుంటూనే నేల తుడుస్తారు.

మామయ్య: దెబ్బ సరైన చోటే కొట్టావు. మా కుర్రాళ్లూ ఆ పాటలే పాడుతున్నారు. పాడొద్దని చెప్పే ఓపిక నాకు లేదు. అయినా ఒకటి చెప్పు. మీ మందిరంలో రేపు పాడే పాట పదేళ్ల తర్వాత ఉంటుందా?

మేనకోడలు: ఉండకపోతే ఇంకోటొస్తుంది.

మామయ్య: అక్కడే నాకు భయం. నీ పాట మీ అమ్మకు రాదు, మీ అమ్మ పాట నీ కూతురికి రాదు. ఇదిగో, ఈ మనిషి పోయే ముందు మూడు రోజులు మాట లేదు. నేనొక కీర్తన ఎత్తుకుంటే పెదవులు కదిపింది. ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న పాట, నాకు నేర్పిన పాట, నీకూ వచ్చు. ముగ్గురికీ వచ్చిన పాట ఒకటి ఉండడం చిన్న సంగతి కాదు.

మేనకోడలు: చిన్న సంగతి కాదు... ఆ కుంచె ఇటివ్వండి, మీకు వంగడం కష్టంగా ఉంది. పాట సరే. ప్రశ్నోత్తరి సంగతి చెప్పండి. అది కూడా ముగ్గురికీ వచ్చిందే.

మామయ్య: దానికేం వంక పెడతావు? 1529లో రాశాడు లూథర్. అంతకు ముందు సాక్సనీ పల్లెల్లో తిరిగి చూస్తే జనానికి పరలోక ప్రార్థన కూడా రాదు, కొందరు పాస్టర్లకే చెప్పడం చేతకాదు. తల పట్టుకుని ఆ చిన్న పుస్తకం రాశాడు. పండితుల కోసం కాదు, ఇంటి యజమాని సాయంత్రం తన ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని నేర్పడానికి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు భోజనం. ఆజ్ఞ చెప్పి ఊరుకోడు. దాని అర్థమేమిటని అడుగుతాడు. ప్రశ్న అడగడం నేర్పిన పుస్తకం అమ్మాయ్ అది.

మేనకోడలు: ఇంటి యజమాని నేర్పాలన్నాడు. మనింట్లో నేర్పింది ఎవరు?

మామయ్య: ...అమ్మే. మా నాన్న ఉపదేశి, వారంలో నాలుగు రోజులు పల్లెలు తిరుగుతుండేవాడు.

మేనకోడలు: గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తా. ప్రశ్న అడగడం నేర్పిన పుస్తకం అన్నారు. అందులో ప్రశ్నా అచ్చులోనే ఉంది, జవాబూ అచ్చులోనే ఉంది. అచ్చులో లేని ప్రశ్న ఒక్కటి అడిగాను నేను, నిర్ధారణ క్లాసులో, పద్నాలుగేళ్లప్పుడు. మీకు గుర్తుందా?

మామయ్య: గుర్తుంది.

మేనకోడలు: ఎనిమిదో ఆజ్ఞ చెప్తున్నారు. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దు. దాని అర్థం కూడా చెప్పించారు. నేను లేచి, మరి బడి అప్లికేషన్‌లో నా మతం దగ్గర హిందూ అని మీ చేతులతో ఎందుకు రాశారు మామయ్యా అని అడిగాను. మీరు బెత్తం తీశారు. కొట్టలేదు, బల్ల మీద పెట్టారు. క్లాసులో అందరూ తలలు దించుకున్నారు. ఎందుకంటే అందరి అప్లికేషన్లూ రాసింది మీరే.

మామయ్య: కొట్టలేదు గదా.

మేనకోడలు: కొట్టి ఉంటే మర్చిపోయేదాన్ని.

మామయ్య: చెప్తా విను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తా. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులం వాడివి కావాలంటే హిందువువై ఉండాలంది. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. మనల్ని కలపలేదు. గుడికెళ్తామని ఒప్పుకుంటే బీసీ-సీ. దాని వాటా ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మన ఇల్లు పల్లెలోంచి ఊళ్లోకి జరిగిందా? హోటల్లో మా నాన్నకు పెట్టిన గ్లాసు మారిందా? కులం మతం చూసుకోలేదు. కాగితం మాత్రం చూసుకుంటుంది. నీ స్కాలర్‌షిప్, నీ నర్సింగ్ సీటు నా పెన్ను మొనమీద ఉన్నాయి. రాశాను. జవాబు లేకే బెత్తం తీశాను.

మేనకోడలు: ఆ మాట ఆ రోజే అని ఉంటే నేనింకో గుడి వెతుక్కునేదాన్ని కాదేమో. మీరు రాసినందుకు నాకు కోపం లేదు. ఆ సీటుతోనే బతుకుతున్నా. ఆదివారం పాపాల ఒప్పుకోలు చదివేటప్పుడు నాలాంటివాళ్లందరి గొంతులో అదే అడ్డం పడుతుంది. అచ్చులో దానికి చోటు లేదు. చట్టం చేసిన అన్యాయాన్ని మా పాపంగా మోయించారు. అది పాపం కాదని ఏ పెద్దా ఒక్క ఆదివారం లేచి చెప్పలేదు.

మామయ్య: లేచి చెప్తే మర్నాడే ఎవరో ఒకరు కలెక్టరాఫీసుకి అర్జీ పెడతారు. ఎన్ని ఇళ్లు కూలతాయో తెలుసా?

మేనకోడలు: తెలుసు. అందుకే తప్పంతా మీదంటం లేదు. కానీ గుడి లోపల కూడా ఏముంది? ప్రభువు భోజనం ఒకే పాత్రలోంచి తీసుకుంటాం. సంబంధం మాట వచ్చేసరికి ఏ పల్లె అని అడుగుతాం. పక్కూళ్లో రెండు పల్లెలకు రెండు గుళ్లు, రెండింటికీ పేరు ఒకటే.

మామయ్య: ఉంది ఆ జబ్బు. లేదని ఎవడన్నా అంటే వాడు అబద్ధమాడుతున్నట్టే. కానీ మా నాన్న తరం సంగతి ఆలోచించు. ఊళ్లో నిలువుకాళ్ల మీద నిలబడి చేతులొగ్గి మంచినీళ్లు తాగినవాడు, గుళ్లో మోకాళ్ల మీద కూర్చుని పక్కవాడు తాగిన పాత్రలోదే తాగాడు. అది ఆయనకు వేదాంతం కాదు, దాహం తీరడం. బడి, గుడి ఒకే పాకలో నడిచాయి. పగలు పలక, సాయంత్రం ప్రార్థన. గబ్బిలం రాసిన జాషువా గుంటూరు లూథరన్ సంఘం వాళ్ల ఉపాధ్యాయ శిక్షణ బడిలో పాఠం చెప్పినవాడే.

మేనకోడలు: పురాణ కథల మీద పద్యాలు రాస్తున్నాడని మనవాళ్లే ఆయన మీద గుర్రుమన్నారని కూడా చెప్పండి.

మామయ్య: అన్నారు. ఆ పద్యాలే ఇప్పుడు క్రిస్మస్ సభల్లో మైకు పట్టుకుని పాడుతున్నారు.

మేనకోడలు: అదే అంటున్నా. మన సంఘానికి మనిషి విలువ ఆలస్యంగా తెలుస్తుంది.

మామయ్య: మీ మందిరానికి త్వరగా తెలుస్తుందా? అయితే ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మీ అమ్మ ఏదో అంటోంది. నిన్ను మళ్లీ బాప్తిస్మం తీసుకోమంటున్నారట?

మేనకోడలు: అంటున్నారు. నెల బిడ్డప్పుడు నెత్తిన నీళ్లు పోస్తే అది బాప్తిస్మం కాదంటారు. తెలిసి, అడిగి, నీళ్లలో మునగాలంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. నన్నెవరూ అడగలేదు గదా.

మామయ్య: తల్లిపాలు నిన్ను అడిగి పట్టారా?

మేనకోడలు: లేదు. కానీ పాలు మానాక అన్నం నేనే కలుపుకుంటా.

మామయ్య: కలుపుకో. దానికే నిర్ధారణ అని పేరు పెట్టాం. పద్నాలుగేళ్లకు తెల్ల బట్టలు కట్టుకుని, అందరి ముందూ నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. అన్నం కలుపుకోవడం తప్పు కాదు. తాగిన పాలు పాలే కాదనడం తప్పు. లూథర్ చెప్పింది ఇదే. బాప్తిస్మం మనం దేవుడికి చేసే పని కాదు, దేవుడు మనకు చేసే పని. నీకు తెలివి వచ్చేదాకా ఆగి, నీ అర్హత చూసి ఇచ్చేది కాదది. నీ నెత్తిన నీళ్లు పోసినప్పుడు ఈ ఊరంతా లేచి నిలబడి, ఈ బిడ్డ బాధ్యత మాదీ అన్నది. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది ఇప్పుడీ తోటలోనే ఉన్నారు. వాళ్లను అబద్ధం చేస్తావా?

మేనకోడలు: చేయలేదు. మూడేళ్లుగా వద్దంటూనే ఉన్నా.

మామయ్య: మరి ఊరుకున్నారా?

మేనకోడలు: ఊరుకున్నారు. కానీ... బల్ల దగ్గరికి రానివ్వరు. మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే రొట్టె, ద్రాక్షారసం. మొదటి ఆదివారం బల్ల ఆరాధన జరిగేటప్పుడు వెనక వరసలో కూర్చుంటా.

మామయ్య: మూడేళ్ల నుంచీ?

మేనకోడలు: మూడేళ్ల నుంచీ.

మామయ్య: మైకిచ్చారు గానీ బల్ల ఇవ్వలేదన్నమాట.

మేనకోడలు: మీరు బల్ల ఇచ్చారు, మైకివ్వలేదు. ఏది లేకుండా బతకగలనో చూసుకున్నాను. ఇంకా తేలలేదు.

మామయ్య: ఆ బకెట్టు ఇటు జరుపు... అదేంది, బ్యాగులోంచి ఏదో తీస్తున్నావు?

మేనకోడలు: తర్వాత చెప్తా. ముందు గుప్పెడు బియ్యం సంగతి తేల్చండి. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేది అమ్మమ్మ. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా తీసేది. నేను చూశాను. శనివారం స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి, కొలిచి, అమ్మి, లెక్క నోటుబుక్కులో రాసేవాళ్లు. ఆ డబ్బుతోనే గుడికి సున్నం, గంటకు తాడు, దిక్కులేని శవానికి పెట్టె.

మామయ్య: మరి అదే కదమ్మా నేననే సంప్రదాయం. కోత పండుగ కూడా చూడు. మొదటి పంట గుడికి వస్తుంది. మిరప్పళ్లు, పత్తి, గుమ్మడికాయ, కోడిపుంజు, కవ్వం చేసుకొచ్చే ముసలాయన కవ్వం. ఆరాధనయ్యాక గుడి ముందు వేలం. పది రూపాయల సొరకాయ అయిదొందలకు పోతుంది. కొన్నవాడు దాన్ని మళ్లీ గుడికే ఇస్తాడు, మళ్లీ వేలం. పొలం లేని కూలీ కూడా ఆ రోజు పాట పాడతాడు. మీ మందిరంలో దశమభాగం ఫోన్లో పంపుతారు. ఎవరెంత ఇచ్చారో పక్కవాడికి తెలీదు.

మేనకోడలు: తెలియకపోవడమే నయం అనుకునే పేదవాళ్లు చాలామంది ఉన్నారు మామయ్యా. సొరకాయ అయిదొందలకు పాడలేని మొగుడి పక్కన నిలబడ్డ ఆడమనిషి మొహం మీరెప్పుడూ చూడలేదు.

మామయ్య: ...లేదు, చూడలేదు.

మేనకోడలు: బియ్యం దగ్గరికి రండి. లెక్క ఆడవాళ్లు రాశారు. సంతకం ఎవరు పెట్టారు?

మామయ్య: కోశాధికారి.

మేనకోడలు: మగవాడు. గుప్పెళ్లు ఆడవాళ్లవి, తాళాలు మగవాళ్లవి. ఆ తాళాల కోసమే గదా ఇప్పుడు కోర్టులు. ఒక గుడి తలుపుకి రెండు వర్గాలవాళ్లు రెండు తాళాలు వేసుకుంటే జనం చెట్టు కింద ఆరాధన చేసుకున్న ఊరు నాకు తెలుసు.

మామయ్య: నాకూ తెలుసు. సిగ్గుపడాల్సిందే. అయినా మా తగువు అందరి ఆస్తి గురించి. మీ మందిరం ఎవరిది? పాస్టర్ గారిది. ఆయన తర్వాత ఎవరిది? ఆయన కొడుకుది. అక్కడ తగువుండదు, ఎందుకంటే అడిగే హక్కే ఎవరికీ లేదు. మిషనరీ దొరల పెత్తనం వదిలించుకుని 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘం పెట్టుకున్నాం. మన పాలన మనం చేసుకోవడానికి. ఓట్లున్నాయి, తీర్మానాలున్నాయి, మినిట్స్ పుస్తకం ఉంది. సరిగా వాడుకోలేదు, అంతే.

మేనకోడలు: ఆ కోర్టు ఫీజులు కూడా గుప్పెడు బియ్యంలోంచే పోతున్నాయని మినిట్స్‌లో రాస్తున్నారా?

మామయ్య: నీతో గెలవలేను గానీ ఒక సంగతి విను. ఫాదర్ హయ్యర్ తన 76వ ఏట మళ్లీ ఓడెక్కాడు. 1869లో రాజమండ్రి మిషన్‌ను ఇంకో మిషన్‌కి అప్పగించేస్తున్నారని తెలిసి, వద్దు, నేను వెళ్తానని వచ్చాడు. చేసిన పనిని వదలకపోవడం అంటే అదీ.

మేనకోడలు: అంటే ఆస్తి మీద మమకారం మనకు మొదట్నుంచీ ఉందన్నమాట.

మామయ్య: (నవ్వి) బెత్తం ఇంట్లో మర్చిపోయి వచ్చాను.

మేనకోడలు: నేనూ ఒకటి చెప్తా. నేను నర్సు చదువు చదివిన గుంటూర్లోనే 1883లో అన్నా కుగ్లర్ గారు దిగారు. ఎం.డి. చదివిన మనిషి. మిషన్ బోర్డు ఆవిడను డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్లకు, పిల్లలకు చదువు చెప్పమని పంపింది. ఆవిడ చదువు చెప్తూనే మందులిచ్చింది. రోగులు వాకిట్లో బారులు కట్టాక గానీ బోర్డుకు కళ్లు తెరుచుకోలేదు. 1898కి ఆస్పత్రి లేచింది. ఆడవాళ్లు ముందు పని చేసి చూపిస్తారు, అనుమతి తర్వాత వస్తుంది. మన సంఘంలో ఆడవాళ్లకు పాస్టర్లుగా అభిషేకం దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా పట్టింది. అంతదాకా వాక్యం చెప్పలేదా వాళ్లు?

మామయ్య: చెప్పారు. ఈవిడే చెప్పింది. ఊళ్లో మగ ఉపదేశిని వాకిలి దాటనివ్వని ఇళ్లలో ఈవిడ వంటింటి గడప మీద కూర్చుని అక్షరాలు దిద్దించింది. కాపు ఆడవాళ్లు కొందరు ఈవిడ దగ్గరే చదవడం నేర్చుకున్నారు. ఎండలో నడిచి, ఇంటికొచ్చి, మళ్లీ ఎసరు పెట్టేది. మిషన్ జీతం ఇచ్చేది, మా నాన్న జీతంలో సగం కూడా ఉండేది కాదు.

మేనకోడలు: ఆ పనికి పేరేంటి?

మామయ్య: బైబిలు స్త్రీ.

మేనకోడలు: మరి రాయి మీద ఏం రాసుంది? చదవండి. కళ్లజోడు కావాలా?

మామయ్య: అక్కర్లేదు. పేరు, తేదీలు, ఉపదేశి గారి భార్య అని ఉంది.

మేనకోడలు: దాని అర్థమేమిటి?

మామయ్య: ...నేనే రాయించా. 1991లో. రాతి మేస్త్రీ అక్షరానికింత అని అడిగాడు. చేతిలో డబ్బుల్లేవు. ఉన్నదాంట్లో ముగించమన్నా.

మేనకోడలు: భార్యకు రెండక్షరాలు. బైబిలు స్త్రీకి నాలుగు. రెండక్షరాల డబ్బు మిగిలింది మామయ్యా. అందుకే ఈ నల్ల రంగు డబ్బా తెచ్చాను. భార్య అన్నది కొట్టేయను. కింద ఒక వరస చేరుస్తా.

మామయ్య: ఆగాగు. తోట సంఘం ఆస్తి. రాతలో మార్పు చేయాలంటే తీర్మానం ఉండాలి. రేపు ఎవడన్నా అడిగితే? మా అమ్మకొక న్యాయం, వాళ్లమ్మకొక న్యాయమా అంటారు.

మేనకోడలు: అననివ్వండి. ఈ తోటలో ఇంకెంతమంది బైబిలు స్త్రీలు ఫలానావారి భార్యలుగా పడుకుని ఉన్నారో లెక్క తేలుతుంది. వాళ్లందరి రాళ్లకూ రంగు నేను కొంటా. తీర్మానం మీరు పెట్టండి.

మామయ్య: పెట్టడం నేను పెడతా, వచ్చే ఆదివారం ఆరాధనయ్యాక. బలపరిచేవాళ్లు కావాలి. పెద్దల్లో ఒక్కడూ లేవడు.

మేనకోడలు: నేను బలపరచకూడదా? నేనిప్పుడు ఈ సంఘం మనిషిని కాదు గదా.

మామయ్య: ఎవరన్నారు? నీ పేరు రిజిస్టర్లోంచి ఎవరూ తీయలేదు. మూడేళ్ల చందా బాకీ కూడా లేదు.

మేనకోడలు: నేను కట్టలేదే.

మామయ్య: కట్టినవాడెవడో తెలుసుకుని ఏం చేస్తావు? ఓటు ఉంది, లేచి మాట్లాడే హక్కుంది. మైకు లేదు, గొంతు పెంచుకోవాలి.

మేనకోడలు: వచ్చే ఆదివారం నాకు డ్యూటీ. మార్చుకుని వస్తా. వచ్చాక మాత్రం రాయి సంగతి ఒక్కటే మాట్లాడను. అప్లికేషన్ సంగతి కూడా మాట్లాడతా.

మామయ్య: మాట్లాడు. ఈసారి బెత్తం నా దగ్గర ఉండదు. ముందు చీకటి పడేలోపు ఆ వరస రాసెయ్. స్త్రీ రాసేటప్పుడు వత్తులు రెండూ సరిగా పెట్టు. పొద్దున అయిదింటికి ఊరంతా వచ్చి చదువుతుంది.